అమ్మ షీటు మీద ఒక్క ఆకు

అమ్మాయికి,

నాన్న దీవెనలు. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి ఆగాను. అందరం అంటే ఇప్పుడు నేనొక్కడినే. నేను క్షేమం. నువ్వూ అలాగే ఉన్నావని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఇకనుంచి ఫోనులో మాట్లాడుకుందాం అన్నావు. నాకు కుదరదు. అవతల నువ్వు ఊపిరి బిగబట్టినా నాకు వినపడుతుంది. అప్పుడు చెప్పాల్సింది మింగేసి వాతావరణం గురించి మాట్లాడతాను. కాగితం నయం. ఎంతసేపైనా ఓపిగ్గా ఊరుకుంటుంది.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు. రెండు పూటలా వండుకుంటున్నాను. ఉప్పు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ. సగటున సరిపోతోంది. మోకాలు మెట్లు దిగేటప్పుడే పేచీ పెడుతోంది, ఎక్కేటప్పుడు బుద్ధిగా ఉంటోంది. డాక్టరుకు చూపించాను. వయసు అన్నాడు. ఆ మాత్రం నాకూ తెలుసు. ఫీజు మాత్రం ఆయనకే ఇచ్చాను.

మైక్రోస్కోపు ఎవరికైనా ఇచ్చేశావా అని అడిగావు. ఇవ్వలేదు. కిటికీ దగ్గరే ఉంది. కంటిగొట్టాలు అమ్మ కళ్ళ దూరానికే ఉన్నాయి. నేను చూస్తే ఒక్క గింజ రెండుగా కనిపిస్తుంది. సరిచేసుకోవచ్చు. చేసుకోలేదు.

ఇక మిగిలినవి పెద్ద ప్రశ్నలు. నీ దరఖాస్తుకు అడ్డుపడ్డ ఆ మొండిఘటం ఎవరో కనుక్కోమన్నావు. అమ్మ ఉంటే ఏమనేదో చెప్పమన్నావు. నీ పని వల్ల నేను బాధపడతానా, దాచకుండా రాయమన్నావు. మూడింటికీ రాస్తాను. గురువారం జరిగింది చెబితే గాని మొదటిదానికి జవాబు కుదరదు.

దానికి ముందు నీ ఉత్తరంలోని శాస్త్రం నాకు అర్థమైనంత మేరకు అప్పజెబుతాను. తప్పుంటే దిద్దు. నేను మొక్కలను భద్రపరిచేవాడినే గాని, వాటి డీఎన్ఏ చదివేవాడిని కాను.

ఆవాల కుటుంబంలో పూలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఎదురెదురుగా నాలుగు రేకులు. పువ్వును చూసి ఎవరు ఎవరో తేల్చలేం. కాయ కావాలి, కాయలో గింజ కావాలి. కొండవాలు మీద పెరిగే మూడు అడవి మొక్కల గింజలను అమ్మ నానబెట్టి కోసింది. లోపల మొలక ముడుచుకున్న తీరు వాటి చుట్టాల్లో లాగా లేదు. చుట్టాల్లో వేరుమొన పప్పుబద్దల అంచును ఆనుకుని ఉంటే, వీటిలో వాటి వీపు మీద పడుకుంది. ఆ ఒక్క మడతను నమ్మి, మూడింటినీ పెద్ద ప్రజాతిలోంచి బయటికి తెచ్చి కొత్త ప్రజాతి కట్టింది. వేరుకాపురం పెట్టించాను అనేది నవ్వుతూ.

ఇప్పుడు నీ డీఎన్ఏ వేరే మాట చెబుతోంది. ఆ మడత ఒక్కచోట పుట్టింది కాదు, ఆ కుటుంబంలో అక్కడొకసారి ఇక్కడొకసారి దానంతటదే వచ్చింది. మూడు మొక్కలూ పెద్ద ప్రజాతి నడింట్లోనే ఉన్నాయి. తిరిగి ఉమ్మడిలో కలపాలి. పక్క కొండ నుంచి నువ్వు తెచ్చుకున్న మొక్కలన్నీ ఇదే సాక్ష్యం చెప్పాయి. కాని ప్రజాతి పేరు ఆధారపడింది అమ్మ మొట్టమొదట సేకరించిన మొక్క మీద. ఆ కొండను క్వారీ తినేసింది. మిగిలింది మా హెర్బేరియంలో ఎండబెట్టి కాగితానికి కుట్టి దాచిన ఆ మొక్క, ఒక్క షీటు. దానిలోంచి ఆకు ముక్క చేతికొస్తే తప్ప నీ పీహెచ్‌డీ పరీక్షకులు ఒప్పుకోరు. నెలాఖరు దాటితే ఆ అధ్యాయమే తీసేయమని మీ గైడు అంటున్నారు. మా వాళ్ళేమో ఎవరిదో అభ్యంతరం ఉందని దరఖాస్తు తొక్కిపెట్టారు. అంతే కదా?

గురువారం ఉదయం నేను వెళ్ళేసరికి నాలుగో వరసలో అల్మారా తెరిచి ఉంది. దాని తాళంచెవులు రెండే. నాది నా జేబులోనే ఉంది. రెండోది డైరెక్టరు గారి దగ్గరుంటుంది. గదిలో పెద్ద బల్ల మీద ఎర్ర అట్ట విప్పి కనిపించింది. ఒక పేరుకు మూలమైన షీట్లకే ఎర్ర అట్ట వాడతామని నీకు తెలుసు. అందులో ఎవరి షీటుందో అంత దూరం నుంచే పోల్చుకున్నాను.

జిగురు బాబాయి పక్కన నిలబడి చేతులు తుడుచుకుంటున్నాడు. మొక్కలను కాగితాలకు అంటించేవాడని చిన్నప్పుడు నువ్వు పెట్టిన పేరే ఆయనకు ఖాయమైంది. కొత్తగా చేరినవాళ్ళకు అసలు పేరు తెలియదు.

“ఏమిటిది?” అన్నాను.

“నన్నడుగుతావేంటన్నయ్యా? తాళాలు నీవి, రాజ్యం నీది. ఎవరో పెద్ద ల్యాబు నుంచి వచ్చారు. ఆకు కావాలట.”

“ఎవరి ఆకు?”

“వదినది.” అనేసి నాలుక కరుచుకున్నాడు. “అదే, వదిన మొక్కది.”

ఇంతలో డైరెక్టరు గారు ఆ ల్యాబు ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చారు. మర్యాదస్తుడు. సొంత పట్టకారు, కత్తెర చిన్న పెట్టెలో తెచ్చుకున్నాడు. సాయంత్రం రైలుకు తిరుగు ప్రయాణం.

“వీరి దరఖాస్తు పోయినవారం మంజూరు చేశాను. మీరు సెలవులో ఉన్నారు,” అన్నారావిడ.

సెలవు ఎందుకు పెట్టానో నీకు తెలుసు. అమ్మ పోయి ఏడాది తిరిగిన రోజు ఆఫీసులో కూర్చోలేకపోయాను.

“ఆ షీటు మీద అభ్యంతరం ఒకటి ఉంది కదండీ?” అన్నాను.

“అది, దరఖాస్తు పెట్టింది మన సిబ్బంది కూతురు కాబట్టి పక్షపాతం అన్న మాట వస్తుందని. వీరికి ఇక్కడ చుట్టాలెవరూ లేరు. వీరికెలా వర్తిస్తుంది చెప్పండి?”

ఆ అభ్యంతరంలో ఒక్క పొల్లుమాట లేదు. దాని బలం ఎంతో నాకు బాగా తెలుసు.

నీ చిన్నప్పుడు ఆ మొక్కకు ఆకులు చాలానే ఉండేవి. ఇప్పుడు ఒకటే ఉంది, చిటికెన వేలి గోరుకు రెండింతలు. మిగతావి రాలి, షీటు మూలనున్న పొట్లంలో పడి, పొడైపోయాయి. ల్యాబు ఆయన మొదట ఆ పొట్లమే విప్పాడు. పట్టకారుతో కదిపి చూసి తల అడ్డంగా ఊపాడు.

“ఇది లాభం లేదండీ. ఆకే తీయాలి.”

“ఎంత?”

“మొత్తం. పాత మొక్క కదా, తక్కువైతే ఏమీ పలకదు.”

“తర్వాత ఎవరికైనా కావలిస్తే?”

“మా ఫలితం అందరిదీనండీ. అచ్చయ్యాక ఎవరైనా వాడుకోవచ్చు.”

అచ్చయ్యాక. అంటే నువ్వు నాలుగేళ్ళు కొండలెక్కి దిగిన పని ఆయన వెనకాల నడవాలి. ఆ ఒక్క ఆకు ఆయన పెట్టెలోకి వెళితే, నెలాఖరుకు కాదు, ఎప్పటికీ నీ చేతికి మరొకటి రాదు.

అమ్మ తన షీట్లను జిగురుతో అంటించనిచ్చేది కాదు. ఆకు అడుగునున్న నూగు జిగురులో కలిసిపోతుందని. తెల్లదారంతో తనే కుట్టేది. కాడకు రెండు కుట్లు, తొడిమకు ఒకటి. దీనిమీద వాళ్ళిద్దరికీ ఏళ్ళ తరబడి తగువు.

“వదిన కుట్టంటే కుట్టే. ఆపరేషను చేసినా ఊడి రాదు,” అన్నాడు బాబాయి. “నా జిగురైతే ఈపాటికి అందరం టీ తాగుతూ ఉండేవాళ్ళం.”

ల్యాబు ఆయన కత్తెర తీసి బల్ల మీదికి వంగాడు. వంగినవాడు నాకేసి చూసి మంచిమాటగానే అన్నాడు.

“మీ అమ్మాయి కూడా దీనిమీదే పని చేస్తోంది కదండీ. ఆమధ్య ఒక సభలో విన్నాను. బాగా మాట్లాడింది. మాకంటే ముందే దరఖాస్తు పెట్టిందట కదా. ఎవరో అడ్డుపడ్డారని విన్నాను. పాపం.”

కత్తెర మొన దారం కిందికి దూరింది.

“ఆగండి,” అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. “అడ్డుపడింది నేను.”

ఆయన కత్తెర వెనక్కి తీశాడు. డైరెక్టరు గారికి తెలిసిన సంగతే, ఆవిడ నేలకేసి చూశారు. బాబాయే నోరు తెరిచాడు.

“మన ఆవగింజకా? నువ్వా అన్నయ్యా?”

నిన్ను ఆవగింజ అని పిలిచేది అమ్మా ఆయనా. నా నోటికి ఎప్పుడూ రాలేదు. ఆ క్షణాన ఆ పేరు వినడం కష్టమైంది.

అవునమ్మా. నువ్వు కనుక్కోమన్న మొండిఘటాన్ని నేనే. కూతురి దరఖాస్తు మీద తండ్రి సంతకం పెట్టకూడదు. అంతవరకు న్యాయం. పక్కకు తప్పుకుంటే సరిపోయేది. నేను అక్కడితో ఆగక, బయటి నిపుణులు కూర్చుని తేల్చేదాకా ఆపాలని రాశాను. వాళ్ళు ఏడాదికొకసారి కూర్చుంటారని నాకు తెలుసు. నీకు గడువుందనీ తెలుసు. రాస్తున్నంతసేపూ చాలా నిజాయితీపరుడిలా అనిపించింది. నువ్వు ఎవరా మనిషి అని అడిగిన ప్రతిసారీ, కనుక్కుంటానన్నాను.

అసలు కారణం నియమం కాదు. అమ్మ పోయాక ఆమె చేసినవన్నీ ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఆమె పాఠాలు ఇంకొకరు చెబుతున్నారు. ఆమె గదికి వేరే బోర్డు వేలాడుతోంది. ఆ ప్రజాతి మాత్రం నిలబడి ఉంది. దాన్ని ఎవరో ఒకరు ఎప్పటికైనా కూలుస్తారు. నా ఇంట్లో పుట్టిన పిల్ల కాకూడదనుకున్నాను. నీ మంచికే అని కూడా సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. నా కోసమే.

జాతులను వేరే ప్రజాతికి మార్చినా, మొదట పేరు పెట్టినవాళ్ళ పేరు ఎక్కడికీ పోదు, బ్రాకెట్లో ఉంటుంది. ఆ మాట చెప్పి ఎంతమంది పెద్దవాళ్ళను ఓదార్చి పంపానో. నా వంతు వచ్చేసరికి ఆ బ్రాకెట్లు రెండూ రెండు గోడల్లా కనిపించాయి.

డైరెక్టరు గారు తల ఎత్తారు.

“ఇప్పుడేమంటారు?”

“అభ్యంతరం వెనక్కి తీసుకుంటున్నాను. ముందు వచ్చిన దరఖాస్తు ముందు చూడమంటున్నాను.”

“మీరే వేసి, మీరే తీస్తారా? ఇదేమన్నా మీ ఇంటి గొళ్ళెమా?”

“కాదండి. అందుకే ఈ అల్మారాల బాధ్యత నుంచి తప్పుకుంటాను.” తాళాల గుత్తి బల్ల మీద పెట్టాను.

“మీరు పెట్టకపోయినా అడిగేదాన్ని,” అన్నారావిడ. గుత్తి తీసి తన సంచిలో వేసుకున్నారు. అంత మాట అనగల మనిషి కాబట్టే ఆ కుర్చీలో ఉన్నారు. నాకు కోపం రాలేదు.

వచ్చినాయన గొంతు సవరించుకున్నాడు. “మేడమ్, మంజూరైంది నాకు. నాకు రైలుంది.”

“ముందు పెట్టింది ఆ అమ్మాయి. ఆపడానికి చెప్పిన కారణం ఇప్పుడు లేదు. మంజూరు మీకిచ్చాను, అదీ నా మాటే.” ఆవిడ ఆకు మీదికి వంగారు. “ఈనె వెంట రెండుగా కోస్తాను. ముందు పెట్టినవాళ్ళకు పెద్ద సగం.”

“సగంతో ఏమీ రాకపోతే?”

“రాకపోతే ఇద్దరికీ రాదు.”

“చిన్నపిల్లలకు బిస్కెట్టు పంచినట్టు,” అని గొణిగాడు బాబాయి. ఆవిడ చూసిన చూపుకు మళ్ళీ నోరెత్తలేదు. అంటే, ఒక నిమిషం.

నన్ను షీటు ముట్టుకోవద్దన్నారు. బల్లదీపం మెడ వదులై వాలిపోతోంది, ఎవరో ఒకరు పట్టుకోవాలి. ఆ పని మాత్రం నాకిచ్చారు. బాబాయి దారం తెంపలేదు. సూదిమొనతో ముడి విప్పడానికి కూర్చున్నాడు. రైలాయన గడియారం చూసుకుంటూనే ఉన్నాడు.

“అన్నయ్యా, వెలుగు ఊగుతోంది.”

“దీపం వదులైంది.”

“అందుకేగా నిన్ను పట్టుకోమంది.”

ముడి వచ్చింది. డైరెక్టరు గారు బ్లేడు తీశారు. ఎండిన ఆకు సంగతి నీకు చెప్పక్కర్లేదు. ఊపిరి తగిలితే ఎగిరిపోతుంది, చెయ్యి వణికితే పొడి అవుతుంది. ఫ్యాను ఆపారు. బ్లేడు తొడిమ దగ్గర దిగినప్పుడు చిన్న చప్పుడైంది. అంచు చిట్లి ఒక పలుకు రాలింది. ఆవిడ ఆగారు. ఆకంతా అలాగే చిట్లిపోతుందనుకున్నాను. పోలేదు. మిగతాది గీత గీసినట్టు వచ్చింది. రాలిన పలుకును కూడా తీసి నీ పొట్లంలోనే వేశారు.

తొడిమ, నడి ఈనె షీటు మీద మిగిలాయి. వాటిని మళ్ళీ బిగించాలి.

“జిగురు పెట్టనా?” అన్నాడు బాబాయి.

“కుట్టు.”

“నాకు రాదు అన్నయ్యా.”

“నాకూ రాదు. నన్నెలాగూ ముట్టుకోనివ్వరు.”

కుట్టాడు. ఆయన ఉద్యోగంలో అదే మొదటి కుట్టు. వంకరగా వచ్చింది. “వదిన చూస్తే తంతుంది,” అని చేతిరుమాలు కోసం జేబులు వెతుక్కున్నాడు. నేను దీపం ఆపేసి బయటికి వచ్చాను.

ల్యాబు ఆయన సగం ఆయనతోపాటు సాయంత్రం రైల్లో వెళ్ళింది. నీ సగం ఈ ఉత్తరంతోపాటు కొరియర్లో వస్తోంది. బయటి కవరు మీద డైరెక్టరు గారి ముద్ర ఉంటుంది, సంతకం పెట్టి తీసుకో. తేమ పీల్చే గింజలు పొట్లంలో వేశారు, అవి రంగు మారి ఉంటే వెంటనే నాకు కబురు చెయ్యి. ఆ రోజుల్లో పురుగు పట్టకుండా షీట్లకు విషం పూసేవాళ్ళం. తొడుగులు లేకుండా ముట్టుకోకు. అది నీ పనికి అడ్డం రావచ్చని కూడా విన్నాను. ఉన్నది ఒక్క సగమే, రెండో ప్రయత్నం లేదు. కొత్తవాళ్ళ చేతికివ్వకు. ఆయన ల్యాబు పెద్దది, పగలూ రాత్రీ నడుస్తుంది. అందిన రోజే మొదలుపెట్టు. అలాగని తొందరపడకు. ఈ రెండూ ఒకేసారి ఎలా చేయాలో నాకు తెలియదు. మీ అమ్మకు తెలుసు.

అమ్మ ఉంటే ఏమనేది? పోయినవాళ్ళు ఇలా అనేవాళ్ళు అని చెప్పేవాళ్ళు తమ మనసులో మాటే చెబుతారు. నేను ఏడాదిగా అదే చేశాను. కాబట్టి జరిగింది ఒకటి చెబుతాను. కొత్త ప్రజాతి గురించి ఆమె మొదటిసారి సభలో చెప్పినప్పుడు, ఒక పెద్దాయన లేచి, ఇది తొందరపాటు వేరుకాపురం అన్నాడు. అందరూ నవ్వారు. “మీరు గింజ కోసి చూశారా అండీ?” అంది. చూడలేదన్నాడు. సంచిలోంచి బ్లేడూ, నానబెట్టిన గింజలూ తీసి ఆయన ముందు పెట్టింది. ఆయన చేతులు వణుకుతున్నాయని తనే కోసి చూపించింది. ఇంటికొచ్చాక నేను, బాగా బుద్ధి చెప్పావు అన్నాను. ఆ మాటకు నామీద విసుక్కుంది. “ఆయన చూడకుండా అనడం తప్పు. అడగడం తప్పెలా అవుతుంది?” అంది. నువ్వు చూసి అంటున్నావు. ఇంతకు మించి నేను చెప్పగలిగింది లేదు.

ఇక చివరి ప్రశ్న. బాధపడతానా అంటే, పడతాను. అచ్చులో ఆ ప్రజాతి పేరు తీసేసిన రోజున నాకు అన్నం సయించదు. ఆ సంగతి నీకు తెలిసి ఉండాలి, తెలిసీ నువ్వు పని ఆపకూడదు. నా బాధ నీ దరఖాస్తు మీద కూర్చోబెట్టాను. అది దాని చోటు కాదు. కోపం వస్తే తిట్టు. రాయకుండా మాత్రం ఉండకు. కాగితం మీద నువ్వు ఊరుకుంటే నాకేమీ వినపడదు.

వచ్చేవారం నుంచి నన్ను ముందుగదిలో, కొత్తగా వచ్చే మొక్కలు దించుకునే చోట కూర్చోమన్నారు. పనేమీ తక్కువ కాదు. పాత షీట్లున్న గదిలోకి నాకిక ప్రవేశం లేదు.

ఒక్క పని అడుగుతాను. ఒక మొక్క పేరు మారితే, మేము పాత చీటీ చింపం. దాని పక్కన కొత్త పేరు, తేల్చినవాళ్ళ పేరు, తేదీ రాసి ఇంకో చీటీ అంటిస్తాం. దీపం పట్టుకున్నప్పుడు చూశాను. అమ్మ చీటీకి కుడివైపున చోటుంది. ఫలితం నీకు ముందు వచ్చినా, ఆయనకు ముందు వచ్చినా, ఆ మొక్కను చివరంటా చూసినదానివి నువ్వు. నువ్వే వచ్చి, నీ చేత్తో రాసి అంటించు. కావాలంటే బాబాయి జిగురే వాడు. కాగితానికి పరవాలేదు.

నువ్వు లోపల ఉన్నంతసేపూ నేను బయట బెంచీ మీద కూర్చుంటాను.

ఇట్లు,
మీ అమ్మ పెనిమిటి,
నీకు నాన్న.